వీధి నగరానిది, తీగ ఎవరిది?

విద్యుత్తు ఒక ఇంటికి చేరాలంటే మూడు పనులు జరగాలి: ఎక్కడో ఉత్పత్తి కావాలి, అధిక వోల్టేజీ లైన్ల మీద దూరాలు దాటాలి, చివరికి వీధి స్తంభాల మీదుగా, ట్రాన్స్‌ఫార్మర్ల మీదుగా ఇంటి మీటరు దాకా పంపిణీ కావాలి. మొదటి రెండింటి మీద నగరపాలక సంస్థలకు ఉండే అధికారం స్వల్పం. మూడవది మాత్రం నగర వీధుల్లోనే, నగరం అనుమతితోనే జరుగుతుంది కనుక, తన కరెంటు సంగతి తానే చూసుకోవాలని ఏ నగరం తలచినా ఆ తలపు చివరికి వచ్చి నిలిచేది పంపిణీ దగ్గరే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాన, లక్షకు కొంచెం పైబడిన జనాభాతో ఉన్న బౌల్డర్ నగరం 2010 నుంచి 2020 దాకా పదేళ్లు ఈ ఆలోచనతోనే గడిపింది.

బౌల్డర్‌కు కరెంటు ఇచ్చేది ఎక్సెల్ ఎనర్జీ అనే ప్రైవేటు సంస్థ. దానికీ నగరానికీ మధ్య 20 ఏళ్ల ఫ్రాంచైజీ ఒప్పందం ఉండేది. ఫ్రాంచైజీ అంటే వీధుల్లో స్తంభాలు నాటుకోవడానికి, తీగలు లాగుకోవడానికి నగరం ఇచ్చే అనుమతి. దానికి ప్రతిఫలంగా సంస్థ తన వసూళ్లలో కొంత భాగాన్ని నగరానికి రుసుముగా చెల్లిస్తుంది. 2010 చివర గడువు ముగిసినప్పుడు నగర కౌన్సిల్ ఒప్పందాన్ని పొడిగించలేదు; రుసుముగా వచ్చే సుమారు 40 లక్షల డాలర్ల ఆదాయం పోకుండా, దాదాపు అంతే మొత్తాన్ని పన్నుగా రాబట్టుకోవడానికి ఓటర్ల ఆమోదం తీసుకుంది. అందువల్ల ఏ ఇంట్లోనూ దీపం ఆరిపోలేదు, ఎందుకంటే ఫ్రాంచైజీ లేకపోయినా సరఫరా కొనసాగించవలసిన చట్టపరమైన బాధ్యత సంస్థ మీద ఉంటుంది. ఈ చిన్న సంగతి చాలామందికి తట్టదు గానీ, నగరానికి పదేళ్ల పాటు బేరమాడే తీరిక దొరికింది దీనివల్లనే.

ఈ ఉదంతాన్ని ముందు పెట్టుకొని వాదించుకునే ఇద్దరిని ఇక్కడ వాది, ప్రతివాది అని పిలవడం సులువు. వీధి ఎవరిదో తీగ కూడా వారిదే కావాలన్నది వాది పక్షం. ప్రతివాది సంస్థ తరఫున మాట్లాడేవాడు కాడు. అర్ధరాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే నిచ్చెన ఎక్కేది ఎవరు అన్న దగ్గర ఆలోచన మొదలుపెట్టే స్వభావం ఆయనది.

వాది: బౌల్డర్ కోరికను అర్థం చేసుకోవాలంటే 2006కు వెళ్లాలి. ఆ ఏడు అక్కడి ఓటర్లు తమ కరెంటు వాడకం మీద తామే కర్బన పన్ను వేసుకున్నారు, అంటే బొగ్గు వంటి ఇంధనాలు మండి గాలిలో కలిసే కర్బన వాయువును బట్టి వేసే పన్ను. అమెరికాలో ఒక నగర ఓటర్లు అలాంటి పన్నుకు ఒప్పుకోవడం అదే మొదలు. ఆ పన్నుతో ఇళ్లలో వృథా తగ్గింది, దీపాలు మారాయి. అయితే 2010 ప్రాంతంలో ఎక్సెల్ కొలరాడోలో అమ్మే కరెంటులో సగానికి మించి బొగ్గు నుంచే వచ్చేది. ప్వెబ్లో పట్టణం దగ్గర 750 మెగావాట్ల కొమాంచీ మూడవ యూనిట్, 2070 దాకా నడపాలన్న అంచనాతో, 2010లోనే ఉత్పత్తి మొదలుపెట్టింది. నగరం ఎంత పొదుపు చేసినా, వచ్చే కరెంటును ఏ పొయ్యి మీద వండుతున్నారని అడిగే హక్కు దానికి లేదు. ఆ హక్కు కావాలంటే పంపిణీ చేతికి రావాలి, పంపిణీ చేసేవాడే టోకున ఎవరి దగ్గర కొనాలో నిర్ణయిస్తాడు కనుక.

ప్రతివాది: కోరికలో తప్పు లేదు. కానీ తీగ చేతికి వస్తే పొయ్యి దానంతటదే మారుతుందన్న భావన చరిత్రకు నిలవదు. బౌల్డర్ పొరుగునే ఉన్న లాంగ్‌మాంట్ 1912 నుంచి తన కరెంటును తానే పంచుకుంటోంది. లాంగ్‌మాంట్, ఫోర్ట్ కాలిన్స్, లవ్‌లాండ్, ఎస్టెస్ పార్క్ కలిసి 1973లో ప్లాట్ రివర్ పవర్ అథారిటీ అనే ఉమ్మడి సంస్థను పెట్టుకున్నాయి. నాలుగూ పురప్రజల యాజమాన్యంలోని సేవలే. అయినా ఆ ఉమ్మడి సంస్థ 1984లో ప్రారంభించిన రాహైడ్ కేంద్రం బొగ్గుతోనే నడిచింది. ప్రజల సొత్తు అయినంత మాత్రాన పొగ తెల్లబడదు.

వాది: మీరు 1984 దగ్గర ఆగిపోయారు. ఆ అథారిటీ పాలకవర్గమే 2018 డిసెంబరులో, 2030 నాటికి కర్బన రహిత విద్యుత్తు లక్ష్యాన్ని ఆమోదించింది. అలా ఆమోదించినవారు ఆ నాలుగు ఊళ్ల ప్రతినిధులు. వారి దగ్గరికి వెళ్లి నిలదీయడానికి లాంగ్‌మాంట్ పౌరుడికి బస్సు టికెట్టు చాలు. బౌల్డర్ పౌరుడు ఎక్సెల్ పాలకవర్గాన్ని నిలదీయాలంటే మినియాపొలిస్‌కు విమానం ఎక్కాలి, పైగా చేతిలో వాటాలు ఉండాలి.

ప్రతివాది: ఆ మాటకొస్తే 2018 డిసెంబరులోనే ఎక్సెల్ కూడా 2005 నాటి ఉద్గారాలలో 80 శాతాన్ని 2030 నాటికి తగ్గిస్తామని, 2050 నాటికి పూర్తిగా కర్బన రహిత విద్యుత్తు ఇస్తామని ప్రకటించింది. ఒకే నెలలో ఇద్దరూ ఒకే దిక్కుకు తిరిగారు. కారణం యాజమాన్యం కాదు. గాలిమరల కరెంటు, సూర్యుడి కరెంటు బొగ్గు కంటే చవకై కూర్చున్నాయి.

ఈ చివరి మాటకు వాది దగ్గర సూటి జవాబు లేదు, బౌల్డర్ దగ్గర కూడా లేకపోయింది. 2010లో నగరం అడిగిన ప్రశ్నకు 2020 నాటి మార్కెట్ సగం జవాబు ఇచ్చేసింది. విద్యుత్ రంగంలో పదేళ్ల వ్యాజ్యమంటే, గెలిచేసరికి గెలుచుకోవలసిన వస్తువే మారిపోవడం. అయితే సంస్థ అటు తిరగడంలో అలాంటి నగరాల ఒత్తిడి వాటా ఎంత అన్నది ఏ లెక్కల పుస్తకంలోనూ విడిగా కనిపించదు కనుక, ప్రతివాది తన ‘చవక’ సిద్ధాంతాన్ని అంత తేలికగా నెగ్గించుకోవడం కూడా న్యాయం కాదు.

హక్కు సంగతిలో ఇద్దరికీ పేచీ లేదు. కొలరాడో రాజ్యాంగంలో 1902లో చేర్చిన ఇరవయ్యవ అధికరణం, స్వపరిపాలన పత్రం ఉన్న నగరాలకు ప్రజోపయోగ సేవలను కొనే అధికారాన్ని, యజమాని అమ్మనంటే న్యాయమైన పరిహారం చెల్లించి కోర్టు ద్వారా స్వాధీనం చేసుకునే అధికారాన్ని ఇచ్చింది. రోడ్డు కోసం పొలం తీసుకునే భూసేకరణ లాంటిదే ఇది, కాకపోతే ఇక్కడ సేకరించేది నడుస్తున్న వ్యవస్థను. 2011 నవంబరులో ఓటర్లు స్వల్ప మెజారిటీతో నగరానికి ఈ దారిలో వెళ్లేందుకు అనుమతి ఇస్తూ, అందుకు కావలసిన అధ్యయనాలకు, లాయర్లకు ఏటా 19 లక్షల డాలర్ల దాకా పన్ను కూడా మంజూరు చేశారు.

వాది: ఆ అనుమతికి పెట్టుకున్న షరతులు గమనించండి. స్వాధీనం నాటికి నగరం వసూలు చేసే ధరలు ఎక్సెల్ ధరలను మించకూడదు. ఆదాయం నిర్వహణ ఖర్చులకు, అప్పు వాయిదాలకు సరిపోయి, ఆ పైన వాయిదాల మొత్తంలో 25 శాతం మిగలాలి. సరఫరా నమ్మకంగా ఉండాలి. ఉద్గారాలు తగ్గించే ప్రణాళిక ఉండాలి. ఇవి నెరవేరవని తేలితే నగరం అడుగు వేయకూడదు. 2013లో ఎక్సెల్ మద్దతుతో వచ్చిన మరింత బిగువైన ప్రతిపాదనను ఓటర్లు భారీ తేడాతో తోసిపుచ్చి, దాని బదులు కొనుగోలు ఖర్చు 21.4 కోట్ల డాలర్లు దాటకూడదన్న నగరం పరిమితిని ఆమోదించారు. తన కాళ్లకు తానే ఇన్ని సంకెళ్లు వేసుకున్న ప్రభుత్వం అరుదు.

ప్రతివాది: షరతులు మెచ్చుకోదగినవే. అయితే వాటిని నెరవేర్చడానికి కావలసిన అంకెలు నగరం చేతిలో లేవు. తీగల విలువ తేల్చేది కోర్టు, ఏ తీగలు ఇవ్వవచ్చో తేల్చేది రాష్ట్ర ప్రజోపయోగ సేవల కమిషన్, పరిహారంలో ఒక పెద్ద భాగాన్ని తేల్చేది కేంద్ర స్థాయి నియంత్రణ సంస్థ. ఆ భాగాన్ని ‘చిక్కుబడిన వ్యయం’ అంటారు. బౌల్డర్ ఎప్పటికీ తన వినియోగదారే అన్న నమ్మకంతో సంస్థ విద్యుత్ కేంద్రాలు కట్టింది. బౌల్డర్ మధ్యలో లేచిపోతే ఆ పెట్టుబడి భారం మిగిలిన వినియోగదారుల మీద పడుతుంది కనుక, వెళ్లేవాడు తన వాటా చెల్లించి వెళ్లాలన్నది ఆ సూత్రం. అంటే ఏ కొమాంచీ పొగ వద్దని బయలుదేరారో, ఆ కొమాంచీకే కట్నం ఇచ్చి మరీ బయటపడాలి.

వాది ఇక్కడ నవ్వకుండా ఉండలేడు. అయినా కట్నమన్న మాటను ఆయన ఒప్పుకోడు. పాత తప్పుల ఖర్చు వినియోగదారుడిదీ, లాభం వాటాదారుదీ అయినప్పుడు దానికి తగిన పేరు వేరే ఉందని ఆయన అభిప్రాయం. ఆ ఊపులోనే ఆయన మరో ఉదాహరణ తెస్తాడు: ఎక్సెల్ 2008లో బౌల్డర్‌ను తన స్మార్ట్ గ్రిడ్ నగరంగా ప్రకటించింది, అంటే మీటర్లు, తీగలు కంప్యూటర్లతో మాట్లాడుకునే వ్యవస్థ, దాని ఖర్చు మొదటి అంచనాకు దాదాపు మూడింతలైంది. ప్రైవేటు సంస్థ అయితే పొదుపుగా ఉంటుందన్న వాదనను బౌల్డర్‌లో వినిపించడం ఆ తరువాత కొంచెం కష్టమైంది.

అసలు వివాదం మాత్రం డబ్బు దగ్గర కాదు, కత్తెర దగ్గర మొదలైంది. పంపిణీ తీగలకు నగర సరిహద్దు తెలియదు. ఒక సబ్‌స్టేషన్, అంటే అధిక వోల్టేజీని వీధికి తగినంతగా తగ్గించే కేంద్రం, నగరం లోపలి ఇళ్లకూ బయటి పొలాలకూ కలిపి కరెంటు ఇస్తుంది. దాని నుంచి బయలుదేరే ఫీడర్ లైను నగరంలో మొదలై, కౌంటీ గ్రామాల్లోకి వెళ్లి, మళ్లీ నగరం అంచుకు వస్తుంది. కౌంటీ అంటే అక్కడి జిల్లా. ఆ సరిహద్దు వెంబడి ఉన్న కొన్ని వేల ఇళ్లు నగరంలో లేవు, నగర ఎన్నికల్లో వాటికి ఓటు లేదు, తీగలు మాత్రం నగరం తీగలతో ముడిపడి ఉన్నాయి.

ప్రతివాది: ఏ ఇంజనీరును అడిగినా ముందు ఇదే చెబుతాడు. ఆ ఇళ్లను నగరం తనతో తీసుకుపోతే, ఓటు లేనివారిని పాలించే యజమాని అవుతుంది, అంటే ఎక్సెల్ మీద మీరు మోపిన నేరమే తిరిగి నగరం మీద పడుతుంది. వారిని వదిలేస్తే, ఉన్న తీగల పక్కనే కొత్త తీగలు లాగాలి, కొత్త స్తంభాలు నాటాలి, ఒకే సబ్‌స్టేషన్‌లో రెండు యజమానుల పరికరాలకు మధ్య గీత గీయాలి. పిడుగు పడి ఫీడర్ తెగితే ఆ గీతకు ఏ పక్కన తెగిందో తేలేదాకా ఎవరి లైన్‌మన్ వెళ్లాలి?

వాది: గీత గీయలేమని కమిషన్ అనలేదు. కోర్టుకు వెళ్లే ముందు తన దగ్గరికి రావాలని మాత్రం అంది. 2014లో నగరం నేరుగా కోర్టుకు వెళితే, ముందు కమిషన్ అనుమతి తెచ్చుకోమని 2015లో జిల్లా కోర్టు ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. నగరం బయటి ఇళ్లను వదిలిపెట్టి, విభజన పటాలు గీయించి కమిషన్ ముందుకు వెళ్లింది. 2017 సెప్టెంబరులో కమిషన్ షరతులతో పాక్షికంగా ఒప్పుకుంది: సబ్‌స్టేషన్ల బయట ఉన్న పరికరాల బదిలీకి మార్గం తెరిచి, సబ్‌స్టేషన్ల లోపలి సంగతులు, భూమి మీద దారి హక్కులు, ఖర్చుల పంపకం ముందుగా తేల్చుకు రమ్మంది. కష్టమైనదాన్ని అసాధ్యమని మీరు పిలుస్తున్నారు. ఫ్లోరిడాలోని వింటర్ పార్క్ నగరం 2003లో ఓటు వేసి, 2005కల్లా తన తీగలు తాను కొనుక్కుంది.

ప్రతివాది: వింటర్ పార్క్ జనాభా 30 వేలకు అటూ ఇటూ. పైగా ఆ ఊరి ఫ్రాంచైజీలోనే కొనుగోలు హక్కు రాసి ఉంది. బౌల్డర్ ఆ హక్కును కోర్టు మెట్ల మీద వెతుక్కోవలసి వచ్చింది. ఒప్పందంలో ఒక వాక్యం ముందుగా ఉండటానికీ లేకపోవడానికీ తేడా పదేళ్లు.

ప్రతివాది నోట వచ్చినా, ఈ సంవాదంలో అన్నిటికంటే విలువైన మాట ఇదే కావచ్చు. నగరాలు ఫ్రాంచైజీని రుసుము తెచ్చే కాగితంగా చూస్తాయి, 20 ఏళ్ల తరువాత దాన్ని తెరిచి చూసేనాటికి సంతకం చేసినవారు ఉండరు.

తీగలు కొనడానికీ ఊరకుండటానికీ మధ్య దారులు లేవా అన్న చర్చ ఆ తరువాత వచ్చింది. కాలిఫోర్నియా 2002 చట్టం నగరాలకు, కౌంటీలకు ఒక మూడవ దారి ఇచ్చింది: తీగలు, మీటర్లు, బిల్లులు పాత సంస్థ దగ్గరే ఉంటాయి, కరెంటును మాత్రం స్థానిక ప్రభుత్వం తన ప్రజలందరి తరఫున టోకున కొంటుంది, మారిన్ కౌంటీ 2010లో ఆ పద్ధతిలో సరఫరా మొదలుపెట్టింది. తీగల పంపకం, స్వాధీనపు వ్యాజ్యం రెండూ ఉండవు కనుక ప్రతివాదికి ఇది నచ్చింది. వాది కూడా దీన్ని కాదనడు. అయితే కొలరాడో చట్టం ఆ తలుపు తెరవలేదని, తలుపు లేని గోడ దగ్గర నిలబడ్డ నగరం గోడ దూకడానికి చూడటంలో వింత లేదని ఆయన జవాబు. ఇక బౌల్డర్‌కు తాగునీటి గొట్టాల వెంట సొంత చిన్న జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. కొండల మీది నుంచి దిగే నీటి ఒత్తిడితో అవి తిరుగుతాయి. అవి బాగున్నాయి, చాలవు.

తెలుగు పాఠకుడికి ఇక్కడ సిరిసిల్ల గుర్తుకు రావాలి. అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల నమూనాలో 1970లో ఏర్పడిన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం, కరెంటును టోకున కొని, తన తీగల మీద తన సభ్యులకు పంచుతుంది. పాలకవర్గాన్ని వినియోగదారులే ఓటు వేసి ఎన్నుకుంటారు. వాది దీన్ని తన సాక్షిగా పిలుస్తాడు: మరమగ్గాల పట్టణమూ చుట్టుపక్కల పల్లెలూ నడిపినదాన్ని బౌల్డర్ నడపలేదా? ప్రతివాది అదే సాక్షిని తన వైపు తిప్పుకుంటాడు: ఆ సంఘం ఎవరి తీగలనో కోర్టులో గుంజుకుంటూ పుట్టలేదు, పల్లెల్లో తీగలే లేని రోజుల్లో పుట్టింది, పైగా అది కొనే కరెంటు ఏ పొయ్యిదో దాని సభ్యులు ఈనాటికీ నిర్ణయించలేరు. సాక్షి ఇద్దరికీ సగం సగమే ఉపయోగపడింది.

2020 ఆగస్టులో నగరమూ సంస్థా రాజీకి వచ్చాయి. నవంబరులో ఓటర్లు ఎక్సెల్‌కు మళ్లీ 20 ఏళ్ల ఫ్రాంచైజీ ఇచ్చారు. అప్పటికి నగరం ఈ ప్రయత్నం మీద 2 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసింది.

ప్రతివాది: ఆ డబ్బుతో ఎన్ని ఇళ్ల కప్పుల మీద సౌర ఫలకాలు పెట్టవచ్చో లెక్క కట్టండి. చివరికి అదే సంస్థ, అవే తీగలు.

వాది: అదే సంస్థ, కానీ అదే కాగితం కాదు. కొత్త ఒప్పందంలో ఉద్గారాల లక్ష్యం ఉంది; సంస్థ ఆ లక్ష్యం తప్పితే 20 ఏళ్లు ఆగకుండా మధ్యలోనే నగరం బయటకు రావడానికి దారులు ఉన్నాయి; తీగలు భూమిలోకి దించడానికి, స్థానిక ప్రాజెక్టులకు సంస్థ నగరంతో కలిసి పనిచేయాలి. 2010లో పొడిగించి ఉంటే ఇవేవీ వచ్చేవి కావు. మీరు ఖర్చు అంటున్నది బేరానికి పెట్టిన పెట్టుబడి. వెళ్లిపోగలిగినవాడి మాటే బేరంలో చెల్లుతుంది, వెళ్లిపోగలనని నమ్మించడానికి బౌల్డర్‌కు పదేళ్లు పట్టింది.

ప్రతివాది: అయితే నగరం నిజంగా తీగలు కోరిందా, తీగలు కోరుతున్నట్టు కనిపించాలని కోరిందా? పన్ను కట్టిన ఓటరుకు మొదటిదని చెప్పారు కదా.

వాది దీనికి వెంటనే మాట్లాడడు. మాట్లాడకపోవడమే సబబు, ఎందుకంటే 2011లో ఓటు వేసినవారిలో అధికులు మొదటిదే నమ్మారు, 2017లో పన్ను పొడిగింపు అతి స్వల్ప తేడాతో నెగ్గేనాటికి వారిలో చాలామంది అలసిపోయారు.

ప్రతివాది దగ్గర ఇంకొక అస్త్రం ఉంది. దాన్ని ఆయన కొంత సంకోచంతోనే తీస్తాడు. 2021 డిసెంబరు 30న బౌల్డర్ కౌంటీలో భీకరమైన గాలుల మధ్య రేగిన మార్షల్ మంటల్లో సుపీరియర్, లూయిస్‌విల్ పట్టణాల వైపు వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. కౌంటీ అధికారుల 2023 నివేదిక రెండు మూలాలను గుర్తించింది; వాటిలో ఒకటి ఎక్సెల్ తీగ అని అది చెప్పగా, సంస్థ దాన్ని అంగీకరించలేదు. ఆ మంటలు బౌల్డర్ నగరంలో పుట్టలేదు. అయినా పొడిగాలుల ఊళ్లో తీగకు యజమాని కావడమంటే బిల్లు వసూలు చేసే హక్కు ఒక్కటే కాదని, అలాంటి నష్టం ఎదురైతే లక్ష జనాభా ఉన్న నగరం దాని కింద నలిగిపోతుందని, ఎనిమిది రాష్ట్రాల్లో వ్యాపారమున్న సంస్థ తట్టుకోగలదని ప్రతివాది అంటాడు. సొంత తీగ అయితే గాలి లేచే ముందే కరెంటు తీయించే నిర్ణయం ఊరి చేతిలో ఉండేదని వాది తిప్పికొడతాడు. ఈ రెండు మాటలూ నిజమే కావడం ఇద్దరికీ ఇబ్బందికరం.

ప్రతివాది: పోనీ, 2040లో ఈ ఫ్రాంచైజీ ముగుస్తుంది. అప్పుడు నగరం చేతిలో ఏముంటుంది?

వాది: ఏ స్తంభం ఎవరికి కరెంటు ఇస్తుందో, ఏ ఫీడరును ఎక్కడ విడదీయవచ్చో చూపే పటాలు ఉంటాయి. వ్యాజ్యం వల్ల మిగిలిన ఆస్తి అదే.

ప్రతివాది: ఒక స్తంభం మార్చిన ప్రతిసారీ, ఒక కొత్త కాలనీకి లైను వేసిన ప్రతిసారీ ఆ పటం కొంత అబద్ధమవుతుంది. 2040 నాటికి అది పురావస్తువు.

వాది: అయితే ఏటా దాన్ని సరిదిద్దే ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్ల జీతం ఎంతవుతుందో మీరే చెప్పండి, లెక్కలు మీకే బాగా వచ్చు.

ప్రతివాది కాగితం తీసుకొని, వారికి ఒక జీపు కూడా కావాలని చెప్పి, అంకెలు వేయడం మొదలుపెట్టాడు.